సగం గ్లాసు

"ఇదా మిషను? దీంట్లోంచి కాఫీ వస్తుందా, కన్నీళ్లొస్తాయా?"

వంటింటి గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాడు పెద్దాయన.

అల్లుడు నవ్వాడు. పెళ్లయిన మూడేళ్లుగా మామగారి మాటలకు నవ్వుతూనే ఉన్నాడు. కళ్లజోళ్ల షాపు నడుపుకునే మనిషి. ఆదివారం వస్తే ఎస్ప్రెస్సో మిషను దగ్గర్నుంచి కదలడు.

పెద్దాయనది కాఫీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం. ముప్పై ఏళ్ల సర్వీసు. ఆయన ఊఁ అంటే గింజలు అంగళ్లకు వెళతాయి. ఊహూఁ అంటే బస్తాలకు బస్తాలు వెనక్కి పోతాయి.

సంచిలోంచి మూడు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉన్నాయి.

"వేసవి బ్లెండు కోసం తెచ్చిన గింజలు. రేపు పొద్దున పదింటికల్లా ఓనరు ముందు తేల్చెయ్యాలి. ఐసు మీద పోసుకుని తాగే రకం."

"మీ ఆఫీసులో అంత పెద్ద మిషనుండగా ఇక్కడెందుకు మామయ్యగారూ?"

"దాంట్లో గడ్డి వేసినా కమ్మగానే దిగుతుందోయ్. ఈ బ్లెండు కొనేది నీలాంటి చేతకానివాళ్లు. నీ చేతిలో పడి కూడా బతికి బట్టకట్టేదేదో చూడాలి."

కూరగాయలు తరుగుతున్న కూతురు కత్తి ఆపింది. "నాన్నా, ఇవాళైనా కాస్త మంచిగా మాట్లాడొచ్చుగా."

"మాట్లాడ్డానికి రాలేదమ్మా. పనుండి వచ్చాను."

పని ఉన్నమాట నిజమే. కిందటి నెల ఆయన ఎంపిక చేసిన బ్లెండును కొన్నవాళ్లు కొన్నట్టే తిప్పి పంపారు. తప్పంతా గింజలు వేయించినవాళ్లదని వాదించాడు. ఓనరు వాదించలేదు. ఈసారి కూడా ఇలాగే అయితే మీ కుర్చీలో అసిస్టెంటు కూర్చుంటాడని మాత్రం అన్నాడు.

అల్లుడు మొదటి పొట్లం విప్పి, పద్దెనిమిది గ్రాములు తూచి, మరపట్టాడు. మిషను గుర్రుమంది. కాఫీ సన్నటి తీగలా దిగింది. రెండు గ్లాసుల్లో ఐసు మీద పోసి, ఒకటి మామగారికి ఇచ్చాడు.

పెద్దాయన గుక్కెడు పుక్కిలించి మింగాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"ఊఁ, కానియ్. ఏం తగిలింది నోటికి?"

"కొంచెం... కాలిన చక్కెరలా ఉందండీ. వేడి మీద బాగుండేదేమో. చల్లబడ్డాక బరువుగా ఉంది."

"బరువట! తక్కెడలో పెట్టి చూశావా?" పెద్దాయన పుస్తకంలో ఏదో గీకాడు. "చివర్లో?"

"చివర్లో చేదు నాలుక మీదే నిలబడిపోతోంది."

"నాలుకంటూ ఒకటుందా నీకు? సరే, రెండోది."

మిషను తొట్టిలో నీళ్లు అడుగంటాయి. మామగారి చూపు కింద అల్లుడికి చేతులు ఆడలేదు. సింకు పక్కన కనిపించిన సీసా ఎత్తి తొట్టి నింపేశాడు. రెండో పొట్లం కాఫీ దించి, ముందు మామగారికి గ్లాసు అందించి, మరపట్టగా చిందిన పొడి తుడుస్తూ ఉండిపోయాడు.

పెద్దాయన తీరిగ్గా సగం గ్లాసు తాగాడు. "తుడిచింది చాలు. తాగి చెప్పు."

అల్లుడు ఒక్క గుక్క నోట్లో పోసుకుని సింకు దగ్గరికి పరిగెత్తాడు.

"మామయ్యగారూ, తాగకండి! మిషను కడగడానికి కలిపిపెట్టిన వెనిగర్ నీళ్లు పోసేశాను!"

పెద్దాయన చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగింది. తర్వాత టక్కున బల్ల మీదకు దిగింది.

"ఎప్పుడు కనిపెడతావా అని సగం గ్లాసు మింగి కూర్చున్నానయ్యా! అంగట్లో కూడా ఇంతేనా? దూరపు చూపు వాడికి దగ్గరి చూపు అద్దాలు అంటగడతావా?"

అల్లుడి మొహం కందిపోయింది. కూతురు కత్తి పక్కన పెట్టింది. తండ్రి వంకే చూస్తూ నిలబడింది.

మిషను కడిగాక రెండోది మళ్లీ కాచారు. మూడోదీ అయింది. రెండోది చప్పగా ఉందన్నాడు అల్లుడు. మూడోది బాగుంది కానీ పలచన అన్నాడు. పెద్దాయన ప్రతి మాటకూ ఒక వెక్కిరింత అంటించాడు, ప్రతి వెక్కిరింతకూ పుస్తకంలో ఒక గీత గీశాడు.

"మూడోది రెండు పాళ్లు, మొదటిది ఒక పాలు కలిపి చూద్దామా మామయ్యగారూ?" బెదురుగా అడిగాడు అల్లుడు.

"కళ్లద్దాలవాడు బ్లెండు కలుపుతాడట, వినండర్రా! కలుపు. నీ ముచ్చటా తీరిపోనీ."

ఈసారి గుక్క వేసుకున్న అల్లుడు కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడే!

"ఏం, నోరు పడిపోయిందా?"

"నారింజ తొక్క గిల్లినట్టుందండీ. చేదుంది కానీ, నిలవకుండా వెళ్లిపోతోంది. ఐసు కరిగినా రుచి తగ్గడం లేదు."

పెద్దాయన చివరిదాకా రాసుకున్నాడు. పుస్తకం మూసి జేబులో పెట్టాడు.

"పనికిరాదు," అంటూ లేచాడు. "వచ్చే ఆదివారానికి ఆ సీసాల మీద పేర్లు రాసిపెట్టుకో."

మర్నాడు పదింటికి ఓనరు గదిలో పెద్దాయన గొంతు ఖంగుమంది. "మూడోది రెండు పాళ్లు, మొదటిది ఒకటి. నారింజ తొక్క గిల్లినట్టుంటుంది. చేదుంటుంది, నిలవదు. ఐసు కరిగినా రుచి తగ్గదు."

ఓనరు తాగాడు. అసిస్టెంటు తాగాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అక్షరాలా అంతే!" అన్నాడు ఓనరు. "ఈ కుర్చీ మీదేనండీ. అసలు ఇలా ఎలా పట్టేస్తారు సార్?"

"నేర్చుకుంటే వచ్చే విద్య కాదు లెండి," అన్నాడు పెద్దాయన, అసిస్టెంటును పైనుంచి కిందికి చూస్తూ.

చలికాలంలో పట్టుకున్న వారం రోజుల జ్వరం తగ్గింది మొదలు, ఆయన నోటికి కాఫీ, మంచినీళ్లు, వెనిగర్ అన్నీ ఒక్కటే.