మాస్కు పెట్టుకోని డాక్టరమ్మ

“ఇక నావల్ల కాదు డాక్టరమ్మా” అంది దర్జీ అమ్మాయి, కుళాయి దగ్గర రెండోసారి వాంతి చేసుకుని, చున్నీతో మూతి తుడుచుకుంటూ.

డాక్టరమ్మ ఆమె వీపు నిమిరింది. నిజానికి ఆవిడ వైద్యురాలు కాదు. ముప్పై ఏళ్లుగా ఒక పరిశోధనాలయంలో రంగుల రసాయనాలతో కుస్తీ పడుతున్న మనిషి. పేరు ముందు డాక్టరని ఉండటం చూసి ఈ ఆశ్రమంలో అందరూ డాక్టరమ్మా అంటారు, తుమ్ము వచ్చినా దగ్గు వచ్చినా నాలుక చాపి చూపిస్తారు. మొదట్లో ఓపిగ్గా సర్దిచెప్పేది. ఇప్పుడు అంత ఓపిక లేక, నాలుక చూసి “బాగానే ఉంది” అనేసి ఊరుకుంటోంది.

ఆశ్రమంలో ఉన్నవి తొమ్మిది మంచాలు. అన్నింటి మీదా నా అన్నవాళ్లు లేని ముసలివాళ్లే. చివరి మంచం తాతగారికి వీపు మీద పుండు పడి నెల దాటింది. ఆ పుండు కడగలేక సేవకొచ్చే ఇద్దరు మానేశారు. దర్జీ అమ్మాయి మాత్రం పన్నెండు రోజులుగా దుకాణం కట్టేసి సాయంత్రం ఆరింటికల్లా వస్తోంది.

ఆశ్రమం నడిపే పెద్దాయన వరండాలోకి వచ్చాడు.

“ఏమ్మా, మళ్లీనా?”

“మానేస్తాను బాబాయ్ గారూ.”

“అయ్యో, అలా అంటే ఎలా? డాక్టరమ్మను చూడు. పదకొండేళ్ల నుంచి చేస్తోంది. మూతికి మాస్కు కట్టదు, మొహం చిట్లించదు. భక్తంటే అదీ!”

“అందుకేగా వెళ్లిపోతానంటున్నాను. ఇది ఆవిడలాంటివాళ్లు చేయాల్సిన పని. నాకంత భక్తి లేదు. నిన్న ఇంటికెళ్లి తలకు పోసుకున్నా ఆ వాసన వదల్లేదు. కంచం ముందు కూర్చుంటే అదే. నాలో నాకే ఏదో లోపం ఉందనిపిస్తోంది.”

డాక్టరమ్మకు సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. రోజూ ప్రార్థన గదిలో కళ్లు మూసుకుని నిమిషంసేపు నిలబడితే, ఎంత లీనమైపోయిందో అని అందరూ గుసగుసలాడతారు. ఆ నిమిషంలో ఆవిడ కోరుకునేది ఒక్కటే: స్వామీ, ఇవాళైనా నన్నెవరూ పొగడకుండా చూడు.

“నువ్వూ మానేస్తే ఆ మంచం తీయించేయడమేనమ్మా” అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. “ఆయన్ను పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. సోమవారం పెద్దాసుపత్రికి పంపించేస్తాను. అక్కడ వరండాలో ఎవరు చూస్తారో దేవుడికే తెలియాలి.”

డాక్టరమ్మ నడుము పట్టుకుని బల్ల మీద కూలబడింది. ఉదయం నుంచీ ఏదీ కలిసిరాలేదు. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. “పక్కనే ఉండి ఏ లోకంలో ఉన్నావే?” అని మొగుడు మేడ మీది నుంచి పరుగెత్తుకొచ్చి కేకలేశాడు. పరిశోధనాలయంలో అదే ప్రయోగం నాలుగోసారి చెడింది. దానికి తోడు ఏటేటా ఉద్యోగులు నింపాల్సిన ఆరోగ్యం కాగితం వచ్చి బల్ల మీద కూర్చుంది. అన్ని గళ్లలోనూ ‘బాగున్నాను’ అని టిక్కులు పెట్టి సంతకం చేసేసింది. ఒక్క గడి తేడాగా ఉన్నా ప్రయోగాల బల్ల దగ్గరి నుంచి తీసి ఏ ఫైళ్ల గదిలోనో పడేస్తారు. ఇంకో రెండేళ్లు ఎలాగో లాగేస్తే పదవీ విరమణ. పైగా పెద్దాయన అల్లుడు పనిచేసేది కూడా ఆ పరిశోధనాలయంలోనే. పెద్దాయన నోట్లో నువ్వుగింజ నానదు.

“ఇవాళ్టికి ఒక్కసారి చెయ్యి వెయ్యమ్మా” అంది. “కట్టు సగంలో ఉంది.”

దర్జీ అమ్మాయి ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లింది. ఇద్దరూ కలిసి తాతగారిని పక్కకు తిప్పారు. డాక్టరమ్మ పుండు మీదికి వంగి, తాపీగా తుడిచి, కట్టు కట్టింది. అమ్మాయి కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం వదల్లేదు.

“నన్ను వదిలేయండమ్మా” అన్నాడు తాతగారు గోడకేసి చూస్తూ. “నా కంపు నాకే భరించరానిదైంది. చిన్నపిల్ల, దాన్నెందుకు బాధపెడతారు?”

“మీరేం చేశారు తాతగారూ, ఊరుకోండి” అని అమ్మాయి ఆయన తల నిమిరి, దుప్పటి సర్ది, గబగబా బయటికి పోయి మళ్లీ కుళాయి పట్టుకుంది.

డాక్టరమ్మ వచ్చేసరికి అమ్మాయి సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. పెద్దాయన చెప్పాల్సిందంతా చెప్పి అలిసిపోయి గేటు దగ్గర నిలబడ్డాడు.

“ఒక్క మాట విని వెళ్లమ్మా” అంది డాక్టరమ్మ. “కడుపులో దేవుతున్నా మళ్లీ లోపలికొచ్చి ఆయన్ను పట్టుకున్నావు చూడు, అలాంటి పని ఈ పదకొండేళ్లలో నేను ఒక్కరోజు కూడా చేయలేదు.”

“ఎగతాళి చేయకండి.”

“నిజమే చెబుతున్నాను. అప్పట్లో పనిచేసేచోట గ్యాసు లీకై పది రోజులు ఆసుపత్రిలో పడున్నాను. ప్రాణం మిగిల్చినందుకు దేవుడికి ఏదైనా చేయాలని, బయటికి రాగానే తిన్నగా ఇక్కడికే వచ్చాను. ఈ పని నాకు సులువని అప్పుడే తెలిసింది.”

“చూశావా ఆ వినయం!” అన్నాడు పెద్దాయన దండం పెడుతూ.

డాక్టరమ్మ ఆయనకేసి చూసింది. ఇప్పుడు నిజం చెబితే రేపీపాటికి ఆ మాట అల్లుడి చెవిన పడుతుంది, ఎల్లుండికి ఆఫీసు దాటి పైవాళ్ల దాకా పోతుంది. తర్వాత ఫైళ్ల గది. లోపల తాతగారు దగ్గుతున్నాడు. ఆవిడ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

“నాకు వాసన తెలియదమ్మా.”