నాలుగు కార్డుల విద్వాంసుడు

"బాబూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకు. ఇందాకటి నుంచీ ఒకే పాట వాయిస్తున్నావేం?"

భోజనం ముగించి బయటికి వెళ్ళబోతూ ఒక పెద్దావిడ ఆగి అడిగింది. హోటల్ మూలనున్న చిన్న వేదిక మీద, ఒళ్ళో గిటార్‌తో కూర్చున్న అతని ముఖం మాడిపోయింది.

"ఒకటే కాదమ్మా. ఇది ఏడో పాట" అన్నాడు మెల్లగా.

"అలాగా" అందావిడ జాలిగా. "తేడా తెలియలేదులే నాయనా. నా చెవులే పాడైపోయినట్టున్నాయి."

నెపం తన చెవుల మీద వేసుకుని ఆవిడ మర్యాద కాపాడింది గానీ, తప్పు చెవులది కాదని అతనికి తెలుసు. మూడు నాలుగు స్వరాలు కలిపి ఒక్కసారిగా మోగిస్తే దాన్ని కార్డ్ అంటారు. అలాంటివి అతనికి వచ్చినవి మొత్తం నాలుగు. ప్రేమ పాటైనా, ఏడుపు పాటైనా, జోలపాటైనా ఆ నాలుగింటి చుట్టూ గానుగెద్దులా తిరగడమే. ఎవరైనా కొత్త పాట అడిగితే "గిటార్ శ్రుతి తప్పిందండీ" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపం ఆ గిటార్ ఎన్ని నిందలు మోసిందో లెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే బడిలో సంగీతం చెప్పే మరదలి ఇంటికి వెళ్ళాడు.

"నాకెన్ని కార్డ్స్ వచ్చో చెప్పుకుంటే సిగ్గుచేటు" అన్నాడు.

"చెప్పు బావా. నేనెవరితో అంటాను?"

"నాలుగు."

నవ్వు దాచుకోవడానికి మరదలు తెగ దగ్గింది. "నాలుగు కార్డులతో పేకాట కూడా కుదరదు కదా బావా."

దగ్గు తగ్గాక కీబోర్డు ముందుకు లాక్కుంది. "స, గ, ప. మూడూ కలిపి మోగించు. నీకు వచ్చినవాటిలో మొదటిది ఇదే. ఎలా పుట్టింది? ఒక స్వరం పట్టుకున్నాం, పక్కది వదిలేశాం, తర్వాతది పట్టుకున్నాం. అంతే. ఇప్పుడు ప దగ్గర ఆగిపోకుండా, ఇంకోటి వదిలేసి ని కూడా పట్టుకో."

ని వచ్చి చేరింది. నిన్నటిదాకా బల్ల గుద్ది చెప్పినట్టు మోగిన కార్డ్, ఏదో అడగాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు మోగింది.

"ఇప్పుడు స వదిలెయ్. గ నుంచి మొదలుపెట్టు. గ, ప, ని."

"ఇందులో గ, ప మొదటి కార్డ్‌లోవే కదా. అంటే ఇది దానికి చుట్టమా?"

"సొంత పిన్ని కూతురు. ఒకరికి వీలు కాకపోతే ఇంకొకరిని పిలుచుకోవచ్చు. చాలాచోట్ల పాట ఏమీ అనుకోదు."

"ఇంత సులువా? అనవసరంగా ఇన్నేళ్ళూ భయపడ్డాను."

"వినడానికి సులువే బావా. వేళ్ళు వినాలి కదా."

ఇంటికొచ్చి గిటార్ పట్టుకుంటే వేళ్ళు వినలేదు. ముఖ్యంగా చిటికెన వేలు. ఇన్నేళ్ళూ ఇల్లరికపు అల్లుడిలా ఏ పనీ లేకుండా గాల్లో ఊగిన వేలు, తీగ మీదకు రమ్మనేసరికి అలిగి ముడుచుకుంది. బతిమాలి, బుజ్జగించి, చివరికి రెండో చేత్తో పట్టుకుని కూర్చోబెట్టి తీగలు మీటాడు.

వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఏం పడిందండీ?"

"ఏమీ పడలేదు. కొత్త కార్డ్."

"అమ్మయ్య. పింగాణీ పళ్ళెం అనుకున్నాను."

పళ్ళేలు పగులుతూనే ఉన్నాయి కొన్నాళ్ళు. ఒక సాయంత్రం మాత్రం ఆవిడ వంటింట్లోంచి కేకేయలేదు. చేతిలో గరిటెతోనే వచ్చి, గుమ్మానికి ఆనుకుని చివరిదాకా విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఆ ఇంట్లో అంతకు మించిన బిరుదు లేదు.

ఆ ధైర్యంతో హోటల్లో కొత్త కార్డులు బయటికి తీశాడు. పాట పాతదే. కానీ రెండో చరణానికి చెంచాల చప్పుడు ఆగింది. ఫోన్లో తల దూర్చిన కుర్రాడు తల ఎత్తాడు. బిల్లు కట్టి లేచిన జంట మళ్ళీ కూర్చుని ఇంకో కాఫీ చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ జనం కూడా మెడలు సాచి అతన్నే చూస్తున్నారు. ఇంతకాలం ఆ మూలనున్న పూలకుండీని చూసినంతగానైనా తనను ఎవరూ చూసిన గుర్తు లేదు. పాట ముగియగానే చప్పట్లు. వెనక ఎవరైనా ప్రముఖుడు వచ్చాడేమోనని తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది.

పాటల మధ్య విరామంలో యజమాని కౌంటర్ దగ్గరికి రమ్మన్నాడు. ఆ పదడుగులు నడిచేలోపే అతను పెద్ద సభలు, గోడల నిండా తన బొమ్మలు, సన్మానాలు అన్నీ ఊహించుకుని, శాలువా మాత్రం వినయంగా వద్దన్నాడు.

"ఇవాళ ఏం చేశారండీ?" అడిగాడు యజమాని.

స, గ, ప దగ్గర మొదలుపెట్టి, ని వచ్చి చేరడం, పిన్ని కూతుళ్ళు, చుట్టరికాలు అన్నీ విడమరచి చెప్పాడు. యజమాని ఓపికగా విన్నాడు.

"చాలా బాగుంది. నాకే ఇక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు."

"అంతా మీ ఆదరణ" అన్నాడు తల వంచి.

"రేపటి నుంచి అవన్నీ మానేసి, ఆ పాతవి నాలుగే వాయించగలరా?"

అతను వంచిన తల ఎత్తాడు. "బాగుందన్నారు కదండీ?"

"బాగుండబట్టే ఈ తిప్పలు. అటు చూడండి. తిన్నవాళ్ళు లేవడం లేదు, తినాల్సినవాళ్ళు తలుపు దగ్గరే నిలబడ్డారు." యజమాని కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఇన్నాళ్ళూ మీరు గిటార్ అందుకోగానే జనం గబగబా తినేసి లేచిపోయేవాళ్ళు. అసలు మిమ్మల్ని పెట్టుకుందే అందుకండీ."