ముక్కు వాడని కాపలా

ఒక మద్దిచెట్టు తొర్రలో తేనెటీగలు ఉండేవి. పక్క కొండమీద పూలు విరగబూశాయని అవి తొర్ర గుమ్మాన్ని బాగా వెడల్పు చేసుకున్నాయి. ఇక గుమ్మానికి కాపలా కావాలి. జీవితంలో ఒక్క చుక్క తేనె తేని పోతుటీగకి ఆ ఎంపిక అప్పగించాయి. మాటలు చెప్పడం దానికి బాగా వచ్చు.

అది ముక్కుకి పేరుబడ్డ తుమ్మెదని పిలిపించి, "వచ్చినవాళ్లని వచ్చినట్టు పంపు, చూద్దాం" అంది. తేనెటీగల గుంపంతా రివ్వున లోపలికి పోయింది. పోతుటీగ మురిసిపోయి కొలువిచ్చేసింది.

మర్నాడు తుమ్మెద ఒక్కొక్కరినీ వాసన చూసి పంపుతుంటే గుమ్మం ముందు బారు పెరిగిపోయింది.

"నిన్నటి వేగం ఏమైంది?" అంది పోతుటీగ.

"నిన్న మీరు వాసన చూడమనలేదు కదండీ."

"అయితే ఇవాళా చూడకు. నీకు ముక్కుందని అడవంతా తెలుసు, అది చాలు."

మధ్యాహ్నం కందిరీగలు బారులో కలిసిపోయి వచ్చాయి. తుమ్మెద ఎవరినీ వాసన చూడలేదు. తేనెనీ పిల్లల్నీ ఊడ్చుకుపోతూ కందిరీగల నాయకురాలు పోతుటీగ దగ్గర ఆగింది.

"ఎన్నో తేనెపట్టులు దోచాను గానీ, ఇంత త్వరగా నన్నెక్కడా లోపలికి పంపలేదు" అంది.

పోతుటీగ వినయంగా తల వంచింది.

"ఎంపిక నాదేనండీ" అంది.