ఖాళీ ట్యాంకు

"తిరిగి రావడానికి కావాల్సిన ఇంధనం కూడా ఇక్కణ్నుంచే మోసుకెళ్లడం శుద్ధ దండగ," అన్నాడు ఇంజనీరు, పంతొమ్మిదేళ్లుగా అంటున్నట్టే.

టేబుల్ చుట్టూ ఇంకో ఏడుగురున్నారు. ఆరుగురు తలూపారు. పైలట్ గారు ఊపలేదు.

ఇంజనీరు తయారుచేసిన యంత్రం వాషింగ్ మెషిన్ అంత ఉంటుంది. అంగారకుడి మీద దించితే మంచు కలిసిన మట్టిని తవ్వుతుంది, వేడిచేసి నీళ్లు తీస్తుంది, ఆ నీళ్లతోనూ అక్కడి గాలితోనూ రాకెట్‌కు ఇంధనం చేసిపెడుతుంది. వెళ్లేటప్పుడు తిరుగు ట్యాంకు ఖాళీ కాబట్టి బరువు సగానికి సగం తగ్గుతుంది. అంతా బాగానే ఉంది. కాకపోతే, ముగ్గుర్ని వెంటబెట్టుకుని ఆ రాకెట్‌లో వెళ్లాల్సింది పైలట్ గారు. సరేనని వారి సంతకం పడకపోతే పంతొమ్మిదేళ్ల పని అటకెక్కుతుంది.

"రిపోర్టులో రెండొందల పన్నెండో పేజీ," అన్నారు పైలట్ గారు. "చలిగదిలో నాలుగొందల రోజుల పరీక్ష. మూడో నెలలో మెషిన్ పదకొండు గంటలు ఆగిపోయింది. ఎందుకని?"

"మట్టిని లోపలికి తోసే మరలో గులకరాయి ఇరుక్కుంది."

"మళ్లీ ఎలా నడిచింది?"

"నేనే వెళ్లి స్పానర్ పెట్టి తిప్పాను."

"అక్కడికీ వస్తారా?"

ఆరుగురూ ఒక్కసారే టీ కప్పులు అందుకున్నారు. ఇంజనీరుకు ఒళ్లు మండింది. నాలుగొందల రోజుల్లో పదకొండే పదకొండు గంటలు! గోరంతను కొండంత చేయడమంటే ఇదే.

ఛైర్మన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరిద్దరూ ఇదంతా బయటెక్కడైనా మాట్లాడుకుని రాకూడదూ?"

"కుదరదండీ," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ రోజు వాళ్లిద్దరూ ఏకీభవించిన సంగతి అదొక్కటే.

ఇంటికెళ్లి ఆ మంట కక్కే వీలు కూడా లేదు. చెప్పులతో పాటు ఆఫీసునూ గుమ్మం దగ్గరే విడిచి రావాలని పెళ్లయిన కొత్తలో భార్య పెట్టిన రూలు.

భార్య జాగ్రత్త మనిషి. ఇంట్లో టార్చిలైట్లు మూడు, గొడుగులు నాలుగు. మారుతాళాలకు లెక్కేలేదు. ఇంజనీరు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఏ ఊరెళ్లినా అన్నీ అక్కడే దొరుకుతాయంటాడు. ఒకసారి తువ్వాలు కూడా లేకుండా వెళ్లి హోటల్ కిటికీ పరదాతో ఒళ్లు తుడుచుకున్నాడు. ఆ కథ చుట్టాలందరికీ కంఠతా వచ్చు.

ఆదివారం ఆవిడ మంచం నిండా స్కూలు యూనిఫాం గౌన్లు పరుచుకుని కూర్చుంది. కూతురికి ఎనిమిదేళ్లు. ఆవిడ కుడుతున్నవి తొమ్మిదేళ్లకు, పదేళ్లకు, పదకొండేళ్లకు. ఒక్కోదాని మెడ దగ్గర ఒక్కో చీటీ.

"ఇవన్నీ ఇప్పుడెందుకు? అప్పుడు దొరకవా?"

"దొరుకుతాయి. కొనాలని గుర్తుండొద్దూ?"

"నాన్నకి నేనే క్లాసో కూడా గుర్తుండదు," అంది కూతురు, బొత్తాల డబ్బా గిలక్కొడుతూ.

భార్య దారం కొరికి అతని మొహం చూసింది. "ఏంటలా ఉన్నావ్? తలనొప్పా?"

"మూడ్రోజులనుంచీ."

"ఎవరివల్ల?"

"రూలు పెట్టింది నువ్వే."

ఆవిడ ఫక్కుమని నవ్వి సూదిలోకి దారం ఎక్కించుకుంది.

ఇంజనీరు నవ్వలేదు. పదకొండేళ్ల గౌను చేతిలోకి తీసుకున్నాడు. అది వేసుకునేనాటికి కూతురు ఎంత పొడుగుంటుందో గాల్లో చెయ్యి పెట్టి కొలిచి చూశాడు. గౌను అంచు లోపలికి మూడంగుళాలు మడిచి కుట్టి ఉంది. పిల్ల అనుకున్నదానికన్నా ఎదిగితే విప్పుకోవచ్చు. ఆ మడతను వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చుండిపోయాడు.

సోమవారం పొద్దున్నే డ్రాయింగ్ ముందేసుకున్నాడు. గ్రాము గ్రాముకూ అందరితో పోట్లాడి బరువు తగ్గించిన మనిషి, మొట్టమొదటిసారి పెంచాడు. అదనంగా ఇంకో మర. మూత తెరిచి, మందపాటి గ్లవుజులతో సైతం చేత్తో తిప్పుకోగలిగే పిడి. మొత్తం పద్నాలుగు కిలోలు. కింద పనిచేసేవాళ్లు సారుకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

రెండు నెలలకు మళ్లీ సమావేశం. ఈసారి మెషిన్‌నే గదిలోకి దొర్లించుకొచ్చారు. పైలట్ గారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. వంగి చూశారు. పిడి పట్టుకున్నారు.

"ఇది తిప్పడానికి ఎంత బలం కావాలి?"

"ఎనిమిదేళ్ల పిల్ల తిప్పగలదు."

"మీకెలా తెలుసు?"

"తిప్పించి చూశాను."

పైలట్ గారు పిడి వదిలారు. కుర్చీలో కూర్చుని కాగితాలు దగ్గరికి లాక్కున్నారు.

"ఆఖరి ప్రశ్న. దీన్ని నమ్ముకుని మీ ఇంట్లోవాళ్లను పంపిస్తారా?"

ఛైర్మన్ గారు తలెత్తి సీలింగ్ ఫ్యాన్ వంక చూశారు. అది తిరగడం లేదు, అయినా చూశారు.

ఇంజనీరు గ్లాసెడు మంచినీళ్లు తాగాడు.

"పంపిస్తాను," అన్నాడు. "తిరిగి రప్పించుకుంటాను."

పైలట్ గారు పెన్ను మూత తీసి సంతకం చేశారు.

ఆ సాయంత్రం ఇంటి గుమ్మం దగ్గర, ఇంజనీరు చెప్పుల పక్కనే తన చెప్పులు విడిచి, పైలట్ గారు నేరుగా లోపలికెళ్లి పదకొండేళ్ల గౌనుకు మిగిలిపోయిన బొత్తాలు కుట్టడానికి కూర్చున్నారు.