కోటు మనిషికి కుర్చీ

చిరాకు బాబాయ్ ఫోను టింగుమంది. అవతలి వరసలో ఉన్న చెప్పుల షాపాయన పెట్టిన మెసేజ్.

"కోటు మనిషి మీ వైపు వస్తున్నాడు. చూపు నిలకడగా లేదు. నేను కుర్చీ వేసేలోగా జారుకున్నాడు. మా పాలిష్ డబ్బా ఒకటి కనబడటం లేదు. జాగ్రత్త!"

బాబాయ్ తలెత్తాడు. మాడు పగిలే ఎండలో మోకాళ్ల దాకా కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకడు ఆయన స్టీలు సామాన్ల కొట్టు మెట్లెక్కుతున్నాడు.

బాబాయ్ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. బేరమాడితే ఆయనకు చిరాకు. ఆడకుండా కొంటే, చూసుకోకుండా కొన్నారని చిరాకు. ఆ నోటి పుణ్యమా అని కొడుక్కి వచ్చిన రెండు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి. కిందటిసారి పిల్ల మేనమామ పలకరిద్దామని కొట్టుకొస్తే, "కొంటే కొను, లేకపోతే గాలి రానియ్" అన్నాడు.

ఇప్పుడు మూడో సంబంధం వాళ్లు ఆదివారం ఇంటికొస్తున్నారు.

"ఇదీ తప్పిపోయిందంటే నేను మా పుట్టింటికి పోతాను. మీరూ మీ గిన్నెలూ కాపురం చేసుకోండి" అని భార్య తెగేసి చెప్పింది. కొడుకు మాత్రం బిందె తుడుస్తూ నిట్టూర్చాడు. బాబాయ్‌ని ఎక్కువ బాధపెట్టింది ఆ నిట్టూర్పే.

ఇక ఆ కుర్చీ సంగతి. వీధిలో చేతివాటం గాళ్లు ఎక్కువయ్యారని, ఈమధ్యే ఇన్‌స్పెక్టరు కొట్లవాళ్లందర్నీ స్టేషన్‌కి పిలిచి ఒక ఒప్పందం చేసుకున్నాడు.

"అరవొద్దు, తరమొద్దు. దొంగకి తిట్లు అలవాటే. మర్యాదే అలవాటుండదు. అనుమానం వచ్చిందా, కుర్చీ వెయ్యండి. రెండు చేతుల్లోనూ ఏదో ఒకటి పెట్టండి. పక్కనుంచి కదలకండి. నవ్వుతూ ఉండండి. బయటికొచ్చాక మా కానిస్టేబుల్ చూసుకుంటాడు."

"నవ్వాలా?" అనడిగింది బాబాయ్ ఒక్కడే.

"తప్పదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అందుకని బాబాయ్ ఇప్పుడు పళ్లు బిగించి, పెదాలు రెండు పక్కలకీ లాగాడు. ఎదురుగా ఉన్న స్టీలు పళ్లెంలో ఆ మొహం చూసుకుని తనే జడుసుకున్నాడు.

"రండి రండి! కూర్చోండి!" అంటూ కుర్చీ వేశాడు. కోటు మనిషి కుడిచేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టాడు. ఎడమచేతిలో పెద్ద మూకుడు పెట్టాడు. "బరువు చూడండి. ఎంత గట్టి సరుకో!"

"బావుందండీ." కోటు మనిషి కళ్లు అరలన్నీ గాలించాయి. "కొట్టు మీ సొంతమేనా? వెనకాల గది ఉందా?"

అమ్మ దొంగా, అనుకున్నాడు బాబాయ్. "ఉంది. మీరు నీళ్లు తాగండి."

"మధ్యాహ్నాలు ఎవరుంటారు? మీ అబ్బాయేనా?"

"ఇద్దరం ఉంటాం. ఎప్పుడూ ఉంటాం."

గ్లాసు ఖాళీ అయింది. కుడిచెయ్యి మెల్లగా చెంచాల బుట్ట వైపు జరిగింది. బాబాయ్ చటుక్కున ఆ చేతిలో టీ కప్పు పెట్టాడు. టీ అయ్యేసరికి జల్లెడ. మూకుడు దించితే కుక్కరు. కొడుకు ఫ్యాను ఆయన వైపు తిప్పాడు. కోటు మనిషి లేస్తే బాబాయ్ లేచాడు. పక్కకి జరిగితే పక్కకి జరిగాడు. సొంత నీడ కూడా మనిషిని అంత అంటిపెట్టుకుని ఉండదు.

చివరికి ఆయన ఏమీ కొనకుండానే బయటపడ్డాడు. మెట్ల కింద కానిస్టేబుల్ దగ్గరుండి బస్సెక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. బాబాయ్ చెంచాలు సరిచూసుకున్నాడు. ఒక్కటీ తగ్గలేదు. దవడల నొప్పి మాత్రం మర్నాటికీ తగ్గలేదు.

ఆదివారం వచ్చింది. బాబాయ్ తలుపు తీశాడు.

గుమ్మంలో అదే కోటు! కింద తళతళలాడే బూట్లు. పక్కన ఒకావిడ, వెనకాల పెళ్లికూతురు.

"మా వారండీ" అంది ఆవిడ.

బాబాయ్ తలుపు రెక్క గట్టిగా పట్టుకున్నాడు. కాబోయే వియ్యంకుణ్ణి పట్టుకుని దొంగనుకున్నాడా! ఈ సంగతి తెలిస్తే ఇంకేమైనా ఉందా!

కోటు మనిషి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావగారూ! మీ నోరు మంచిది కాదని ఎవరో అంటే, చూద్దామని చెప్పకుండా వచ్చాను. అబ్బబ్బ, ఏం మర్యాదండీ! పక్కనుంచి కదిలితే ఒట్టు! ఇంతకీ ఆ పోలీసాయన కూడా మీ మనిషేనా?"

"అంటే... అందరం కలిసి పనిచేస్తున్నామండీ" అని నసిగాడు బాబాయ్.

భార్య ఆయన్ని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కొడుకు మొహం వెలిగిపోతోంది. పిల్లా అతనూ అప్పుడే కిటికీ దగ్గర కబుర్లలో పడ్డారు.

ఇంతలో పిల్ల తల్లి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఇలా రమ్మని బాబాయ్‌కి సైగ చేసింది. అయిపోయింది, ఈవిడ కనిపెట్టేసింది అనుకున్నాడు. మళ్లీ ఆ నవ్వు తగిలించుకుని వెళ్లాడు.

"అన్నయ్యగారూ, ఈ సంబంధం ఖాయం. ఆయన కాదన్నా సరే, మిమ్మల్ని నేను వదులుకోను" అందావిడ గొంతు తగ్గించి.

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. "మా మర్యాద మీకూ అంత నచ్చిందా అమ్మా?"

"మర్యాద సంగతి నాకు తెలీదు గానీ అన్నయ్యగారూ, పెళ్లయిన దగ్గర్నుంచీ ఏ కొట్టుకెళ్లినా ఏదో ఒకటి ఆ కోటు జేబులో వేసుకోకుండా రాని మనిషి, మీ కొట్టు నుంచి మాత్రం ఒక్క చెంచా కూడా తేలేకపోయాడు!"