మూడో రంగంలో ఉత్తరం

ఆ నాటకశాలకు మొత్తం నలభై కుర్చీలు. ముందు వరసలో కూర్చుంటే మోకాళ్లు వేదికకు తగులుతాయి. చిట్టి అక్కడే కూర్చుంది, అమ్మ మీద ఏడాదిగా మోస్తున్న కోపంతో సహా. ముప్పయ్యేళ్లొచ్చినా ఇంట్లో ఆమె పేరు చిట్టే.

కోపం ఉండదా మరి? గొంతు ఆపరేషన్ తర్వాత నాన్నకు మాట పడిపోయింది. చివరి రోజున ఆస్పత్రి కాగితం మీద ఏదో రాసి, అమ్మ చేతిలో పెట్టి, గుమ్మంకేసి చూపించాడట. చిట్టి రైలు దిగేసరికే అంతా అయిపోయింది.

"ఏం రాశాడమ్మా?" అని ఎన్నిసార్లడిగినా ఒకటే జవాబు. "అది మా ఇద్దరి సంగతిలే. వదిలెయ్యవే."

బాగుంది! నాన్న తనకేమీ కాడా?

మూడో రంగం మొదలైంది. ఓడెక్కి వెళ్లిన భర్త దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. భార్య వేషంలో ఉన్న అమ్మ మడత విప్పి చదవసాగింది. ఆ గొంతు సంగతి చెప్పాలా! చిన్నప్పుడు ఒకే ఒక్క బొమ్మల పుస్తకం తెరిచి, రోజుకో కొత్త కథ చదివేది ఆ గొంతుతోనే. వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. తెర చాటున నాన్న కూర్చుని మాటలందించే స్టూలు ఖాళీగా ఉంది.

నాటకంలో ఉత్తరమంటే మామూలుగా తెల్లకాగితమే. కానీ రెండు మూరల దూరంలో ఉన్న చిట్టికి అన్నీ కనబడుతున్నాయి. పైన ఆస్పత్రి పేరు. కింద నాన్న వంకర అక్షరాలు. ఒళ్లు మండిపోయింది.

నాటకం కాగానే మేకప్ గదిలోకి దూసుకెళ్లింది.

"అందరి ముందూ ఊపుతావు, నాకు మాత్రం చూపించవు! నేనేం పాపం చేశానమ్మా?"

అమ్మ సగం రంగు తుడిచిన మొహంతో ఇటు తిరిగింది.

"అరవకే. ఇది చేతిలో ఉంటే మీ నాన్న పక్కనుండి మాటలందిస్తున్నట్టుంటుంది. అంతే."

"నాన్న ఏమన్నాడో నాకూ కావాలి. ఒక్కసారమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు నిమిరింది. చివరికి కూతురి ముందుకు చాచింది.

"పైకే చదువు. నేనూ వింటాను."

"నువ్వెన్నిసార్లు చదువుకున్నావో, ఇంకా వినేదేముంది?"

అమ్మ తల దించుకుంది.

చిట్టి విసురుగా మడత విప్పింది. పేజీ నిండా నాన్న రాతే. కళ్లు తుడుచుకుని మొదటి వాక్యం చూసింది.

"చిట్టీ, ఇదంతా మీ అమ్మకి నువ్వే చదివి వినిపించు, తనకి చదవడం రాదన్న సంగతి మన ముగ్గురి దగ్గరే ఉండిపోవాలి."