పెళ్ళి పెన్ డ్రైవ్

"సిస్టమ్ దీన్ని గుర్తుపట్టట్లేదండి," అంది హారతి, పెన్ డ్రైవ్ బయటికి లాగుతూ.

వీరబాబు ముందుకు వంగాడు. "ఇంకోసారి పెట్టి చూడమ్మా. రేపే పెద్దకార్యం. సాయంత్రానికల్లా ఫ్లెక్సీ కట్టెయ్యాలి."

"మూడుసార్లు పెట్టానండి."

మండపేటలో ఫ్లెక్సీలు వేసే దుకాణం అది. హారతి అందులో డిజైన్లు చేసే పిల్ల. తెర మీద బ్యానర్ దాదాపు తయారైపోయింది. పైన 'కీర్తిశేషులు పెద్దింట్లమ్మ గారికి అశ్రునివాళి' అని పెద్దక్షరాలు, చుట్టూ మల్లెపూల దండ, కింద కొడుకు, కోడలు, మనవల పేర్లు. నడుమ మాత్రం కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి ఖాళీ. అందులో ఉండవలసిన మనిషి పోయి పదిరోజులు.

"ఆధార్ కార్డు ఉంటుంది కదండీ?"

"ఉంది. ఆ బొమ్మ చూసి మా అమ్మేనని నేనే చెప్పలేను."

"పోనీ, మీ ఫోన్లో?"

వీరబాబు ఫోన్లో పిల్లల ఫొటోలు వేలకు వేలున్నాయి. కొత్త ట్రాక్టరువి ఇరవై ఉన్నాయి. ఈనిన గేదెదీ, దాని దూడదీ కూడా ఉన్నాయి. అమ్మను ఒక్కటి తీద్దామని ఏనాడూ తోచలేదు. ఆ మాట పైకి అనడానికి సిగ్గేసింది.

"లేవమ్మా. ఇదొక్కటే దిక్కు. నా పెళ్ళి ఫొటోలన్నీ దీంట్లోనే ఉన్నాయి. ఆల్బం వరదలో నానిపోయింది. తీసిన స్టూడియో ఎప్పుడో మూసేశారు."

హారతి కుర్చీ దిగి, కంప్యూటర్ వెనక్కి వంగి అక్కడున్న పోర్టులో పెట్టింది. ఏమీ రాలేదు. తన పెన్ డ్రైవ్ తీసి అదే చోట పెడితే క్షణంలో వచ్చింది.

"పోర్టు బానే ఉందండి. తేడా మీ దాంట్లోనే." మెత్తటి గుడ్డతో దాని మూతి తుడిచి, సిస్టమ్ ఆపి మళ్ళీ ఆన్ చేసింది.

అది లేచేలోగా వీరబాబు స్టూలు మీద కూలబడ్డాడు. "ఉన్నన్నాళ్ళూ ఆవిడకి నేను చేసిందేం లేదమ్మా," అన్నాడు. "పొద్దున్నే లేచి పాలు పితికేది, అందరికీ వండేది, మిగిలింది తినేది. కనీసం వీధి మొదట్లో నాలుగడుగుల ఫొటో పెడితే, ఇదిగో మా అమ్మ అని నలుగురూ చూస్తారనుకున్నాను."

సిస్టమ్ లేచింది. పెన్ డ్రైవ్ మాత్రం రాలేదు. వీరబాబు ఇక ఆశ వదిలేసుకున్నాడు.

ఆ పిల్ల వదల్లేదు. డ్రైవులన్నీ వరసగా చూపించే చోటు ఏదో తెరిచి, తెరకు మొహం దగ్గర పెట్టి చూసింది. "ఇదిగోండి, ఉంది. సిస్టమ్ దీనికి అక్షరం ఇవ్వలేదు, అందుకే బయటికి రావట్లేదు."

"అక్షరమేంటి?"

"సి, డి అని ఉంటాయి కదండీ, అలాగ. పేరు లేకపోతే పిలవలేం కదా." రెండు నొక్కులు నొక్కి 'జి' అని ఇచ్చింది. తెర మీద ఒక్కసారిగా పసుపు రంగు ఫోల్డరు. దాని మీద 'వీరబాబు వెడ్స్ దేవిశ్రీ.'

వీరబాబు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

మొత్తం ఎనిమిది వందల పన్నెండు ఫొటోలు. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ. మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు. మేనత్తలు, వాళ్ళ తోడికోడళ్ళు, సన్నాయి వాయించినవాళ్ళు, సాంబారు బకెట్టుతో వంటమనిషి. ఎవరి చుట్టమో ఎవరికీ తెలియని ఒకాయన పదిహేను ఫొటోల్లో ఉన్నాడు. పెద్దింట్లమ్మ ఒక్కదాంట్లోనూ లేదు.

"మీ నాన్నగారు అప్పటికే..."

"రెండేళ్ళ ముందే పోయారు."

హారతి ఇంకా కిందికి వెళ్ళింది. అడుగున ఒక వీడియో ఉంటే తెరిచింది. జీలకర్రా బెల్లం పెట్టాక అందరూ అక్షింతలు వేస్తున్నారు. చిన్నగా జరుపుతూ ఉంటే, తెర అంచున బూడిదరంగు చీర కొంగు, అక్షింతలు పట్టుకున్న రెండు చేతులు కనబడ్డాయి.

"ఆపు. ఇదే, మా అమ్మ చీర ఇదే." వీరబాబు లేచి నిలబడ్డాడు.

"ఇంకొక్క అడుగు ముందుకేస్తే మొహం వస్తుందండి," అంది హారతి. సరిగ్గా ఆ క్షణాన ఆపడానికి వేలు సిద్ధంగా పెట్టుకుని మళ్ళీ నడిపించింది.

ఆ చేతులు ఆగాయి. గుప్పిట మూసుకుని, అక్షింతలతోనే వెనక్కి వెళ్ళిపోయాయి. వీడియో అయిపోయింది.

"ఎవరో ఏదో అన్నట్టున్నారండి," అని హారతి వెనక్కి జరిపి సౌండు పూర్తిగా పెంచింది.

సన్నాయి హోరులోంచి ఆ మాట స్పష్టంగా వినిపించింది. "అమ్మా, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే నువ్వు ఎదురు రావడమేంటి? లోపలికెళ్ళు."

పీటల మీంచి తల తిప్పి ఆ మాట అన్నది పెళ్ళికొడుకే.